బెంగళూరు మేడ మీద నుంచి సిమీజ్ 147 తీయగలమా?

యలహంక_మేడ | జనవరి 9, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఉండేది యలహంకలో. ఇంటి ఓనరు గారు రాత్రిళ్ళు మేడ వాడుకోమన్నారు. ఈ సీజన్‌లో ఒరాయన్, రోజెట్ నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు) తీశాను, రెండూ బాగానే వచ్చాయి. ఇప్పుడు మనసంతా సిమీజ్ 147 మీద ఉంది. వృషభం, ఆరిగా సరిహద్దులో, ఎల్‌నాత్ నక్షత్రానికి తూర్పున మూడు డిగ్రీల దూరంలో ఉండే సూపర్‌నోవా అవశేషం, అంటే పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన మేఘం. వెడల్పు మూడు డిగ్రీలు, అంటే ఆరు నిండు చందమామలు వరసగా పెట్టినంత. కానీ మహా మసక.

నా సామాను: లోపలి ఐఆర్ ఫిల్టర్ తీయించిన కెనాన్ 700డీ, శామ్యాంగ్ 135 ఎంఎం ఎఫ్/2 లెన్స్, స్టార్ అడ్వెంచరర్ ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాని తిప్పేది), హైడ్రోజన్ ఎరుపుని మాత్రమే రానిచ్చే 12 నానోమీటర్ల హైడ్రోజన్ ఆల్ఫా క్లిప్ ఫిల్టర్. గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ ట్రాకర్ తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు) లేదు.

మా ఆకాశంలో కంటితో కృత్తికలు చూడాలంటేనే కష్టం. సంక్రాంతికి మదనపల్లె దగ్గర మా ఊరు వెళ్తున్నా, 18న అమావాస్య కూడా. ఇంతకీ నా ప్రశ్న: దీన్ని ఇక్కడి నుంచే గంటలకు గంటలు తీసుకుంటూ పోవాలా, లేక ఊళ్ళో దొరికే రెండు మూడు రాత్రులూ దీనికే పెట్టాలా?

రాయలసీమ_రాత్రులు | జనవరి 10, ఉదయం 6:45

సందేహం ఎందుకు బ్రదర్, సామానంతా మీ ఊరికి తీసుకెళ్ళండి. లెక్క చూడండి. బెంగళూరు లోపలి ఆకాశం వెలుగు చదరపు ఆర్క్ సెకండ్‌కి 18 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ). హార్స్‌లీ కొండల చుట్టుపక్కల మంచి చీకటి ఊరైతే 21 దాకా రావచ్చు. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే ఆకాశం వెలుగులో సుమారు 16 రెట్ల తేడా. ఊళ్ళో గంటలో వచ్చే నాణ్యత సిటీలో రావాలంటే 16 గంటలు తీయాలి. నాలుగు గంటలు ఊళ్ళో కూర్చుంటే సిటీలో 64 గంటలకు సమానం. ఆ 64 గంటలు బెంగళూరు మబ్బుల మధ్య ఎప్పటికి పూర్తవుతాయి?

చీకటికి ప్రత్యామ్నాయం లేదు. నేను ప్రతి అమావాస్యకూ కారు తీసేది అందుకే.

లుబ్ధకం | జనవరి 10, ఉదయం 9:10

మీ 16 రెట్ల లెక్క ఫిల్టర్ లేకుండా తీసేటప్పుడు అక్షరాలా నిజం అన్నా. కానీ సిమీజ్ 147 విషయంలో పూర్తిగా వర్తించదు. దాని వెలుగు రంగులన్నిట్లో పరుచుకుని ఉండదు. ఎక్కువ భాగం హైడ్రోజన్ ఆల్ఫా గీత దగ్గర, 656.3 నానోమీటర్ల దగ్గర కుప్పపడి ఉంటుంది. కొంత 500.7 దగ్గర ఆక్సిజన్ గీతలో ఉంటుంది. తిరునాళ్ళ గోలలో మన పిల్లాడి గొంతు ఒక్కటే వినగలిగితే ఎలా ఉంటుందో, ఈ ఫిల్టర్ చేసేదీ అదే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. 400 నుంచి 700 వరకు 300 నానోమీటర్ల వెలుగు ఉంటే, 12 మాత్రమే పంపే ఫిల్టర్‌తో నేపథ్యం 25 రెట్లు తగ్గుతుందని చాలామంది రాస్తారు. కలర్ కెమెరాకి అంత లాభం రాదు. దాని ఎర్ర పిక్సెల్ మీద ఇప్పటికే ఎర్ర గాజు ఉంది, అది చూసేదే దాదాపు 100 నానోమీటర్లు. కాబట్టి అసలు లాభం 8 రెట్లు అనుకోండి. ఇంకో నష్టం: ప్రతి నాలుగు పిక్సెల్స్‌లో ఎర్రది ఒక్కటే. ఈ ఫిల్టర్ పెట్టాక మిగతా మూడూ దాదాపు ఖాళీగా ఉంటాయి.

అయినా 8 రెట్లంటే చిన్న విషయం కాదు. ఊరికి, సిటీకి ఉన్న 16 రెట్ల తేడాలో సగం వరకు పూడ్చినట్టే. పైగా యలహంక మేడ మీద మీకు ప్రతి రాత్రీ దొరుకుతుంది, ఊరు పండక్కే దొరుకుతుంది. నా సలహా తిరగేసి ఉంటుంది: హైడ్రోజన్ నెబ్యులాలన్నీ బెంగళూరు నుంచి, ఫిల్టర్ పనికిరానివి ఊరి నుంచి.

ఫిల్టర్ పనికిరానివి అంటే రిఫ్లెక్షన్ నెబ్యులాలు, ధూళి మేఘాలు. అవి పక్కనున్న నక్షత్రం వెలుగునే తిప్పి పంపుతాయి కాబట్టి వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, వీధి దీపాల లాగే. కృత్తికల చుట్టూ ఉన్న నీలి పొగ, రైజెల్ వెలుగుతో మెరిసే విచ్ హెడ్ నెబ్యులా ఈ కోవలోవి. వీటికి చీకటి తప్ప మార్గం లేదు. ఒకప్పుడు సోడియం దీపాలుండేవి, వాటి వెలుగు ప్రధానంగా 589 నానోమీటర్ల చుట్టూనే ఉండేది, దాన్ని ఆపే ఫిల్టర్లు కాస్త పనిచేసేవి. ఇప్పుడు వీధులన్నీ తెల్ల ఎల్‌ఈడీలు. వాటి వెలుగు నీలం నుంచి ఎరుపు దాకా పరుచుకుంటుంది. పాత తరహా లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొనాలనుకునేవాళ్ళు ఆ డబ్బు దాచుకోండి.

రాయలసీమ_రాత్రులు | జనవరి 10, మధ్యాహ్నం 1:30

ఊళ్ళో ఫిల్టర్ కూడా పెడితే? 16, 8 రెండూ కలుస్తాయి కదా.

లుబ్ధకం | జనవరి 10, మధ్యాహ్నం 1:52

పూర్తిగా కలవవు. అంత చీకట్లో, అంత సన్నటి ఫిల్టర్ వెనక ఆకాశం వెలుగు చాలా తగ్గిపోయి కెమెరా సొంత నాయిస్ పైకి వస్తుంది. అప్పుడు ఒక్కో ఫోటో చాలా పొడుగ్గా, ఐదు నుంచి పది నిమిషాలు తీయాలి. గైడింగ్ లేని ట్రాకర్‌తో అది కష్టం. గైడింగ్, సెన్సర్‌ని చల్లబరిచే కూలింగ్ కెమెరా ఉన్నవాళ్ళకి మాత్రం మీ మాటే రైటు. ఊరు, ఫిల్టర్ రెండూ ఉంటే అంతకు మించింది లేదు.

కొత్తగా_చేరా | జనవరి 10, సాయంత్రం 5:15

మధ్యలో వస్తున్నందుకు సారీ. నా దగ్గర మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్ మాత్రమే ఉన్నాయి. ట్రాకర్ లేదు. నేను ఏదైనా నెబ్యులా తీయగలనా? కేఆర్ పురంలో ఉంటాను.

లుబ్ధకం | జనవరి 10, సాయంత్రం 6:05

తీయగలవు తమ్ముడూ, ఒరాయన్ నెబ్యులా తీయి. ఒరాయన్ నడుములోని మూడు చుక్కల కింద వేలాడే కత్తి మధ్యలో ఉంటుంది, 1,300 కాంతి సంవత్సరాల పైన దూరం. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 1600, ఒక్కోటి మూడు నాలుగు సెకండ్లు. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకండ్లు కదులుతుంది, అంతకంటే ఎక్కువసేపు తీస్తే చుక్కలు గీతలవుతాయి. ఒకటి రెండు వందల ఫోటోలు తీసి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చు, అది ఉచితమే. మామూలు కెమెరా లోపలి ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపులో నాలుగో వంతు మాత్రమే రానిస్తుంది కాబట్టి రంగు లేత గులాబీగా, కాస్త నీలంగా వస్తుంది. అది సరైనదే, భయపడకు. ట్రాకర్ కొనడం గురించి వేరే థ్రెడ్ వెయ్యి, అక్కడ మాట్లాడదాం.

దక్షిణ_బాల్కనీ | జనవరి 11, ఉదయం 7:30

ఈ చర్చలో ఒక ముఖ్యమైన సంగతి రాలేదండి. "బెంగళూరు ఆకాశం" అని ఒకే ఆకాశం లేదు. మీ ఇంటి నుంచి సిటీ మధ్య భాగం ఏ దిక్కున ఉందో ముందు చూసుకోవాలి. నేను బన్నేరుఘట్ట రోడ్డు చివర, నేషనల్ పార్క్ వైపు ఉంటాను. నాకు ఉత్తరం అంతా తెల్లటి పొగలా ఉంటుంది, దక్షిణం దానికంటే చాలా నయం. యలహంక వాళ్ళకి సరిగ్గా ఇది తిరగబడుతుంది: సిటీ మొత్తం మీ దక్షిణాన ఉంది.

సిమీజ్ 147 డిక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) ఉత్తరంగా 28 డిగ్రీలు. మన అక్షాంశం 13. అంటే అది నడినెత్తి దాటి 15 డిగ్రీలు ఉత్తరానికి వంగి, 75 డిగ్రీల ఎత్తులో వెళ్తుంది. అన్నిటికంటే పలచటి గాలి పొర, పైగా సిటీకి ఎదురు దిక్కు. యలహంక మేడకి ఇంతకంటే తగిన టార్గెట్ దొరకదు. ఈ వారం పదిన్నర, పదకొండు మధ్య నడినెత్తికి వస్తుంది. సాయంత్రం ఏడున్నరకి మొదలుపెడితే రెండింటి దాకా హాయిగా తీయొచ్చు. ఫిబ్రవరి మధ్యకల్లా ఎనిమిదిన్నరకే పైకొచ్చేస్తుంది, అప్పుడు ఆఫీసు ఉన్న రోజుల్లోనూ నిద్ర పాడవదు.

నా బాల్కనీకి మాత్రం అది కనిపించనే కనిపించదు, పై అంతస్తు స్లాబ్ అడ్డం. నేను చేసేది వేరే పని. వేలా సూపర్‌నోవా అవశేషం. డిక్లినేషన్ మైనస్ 45, మనకి దక్షిణాన 32 డిగ్రీల ఎత్తు దాకా లేస్తుంది. సిమీజ్ కంటే రెండు రెట్ల పైనే పెద్దది, దాదాపు 8 డిగ్రీలు. దాని మధ్యలో ఉన్న పల్సార్ (పేలిన నక్షత్రం మిగిల్చిన గిరగిర తిరిగే గర్భం) సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. లండన్ వాళ్ళకి ఈ వేలా అసలు ఉదయించదు. మనం చదివే టార్గెట్ లిస్టులన్నీ 40, 50 అక్షాంశాల వాళ్ళు రాసినవి. వాటిలో ఉత్తరాకాశపు హార్ట్, సోల్, సిగ్నస్ నెబ్యులాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. దక్షిణాన అగస్త్య నక్షత్రం ఇంటి ముందే వెలుగుతున్నా మనం ఆ లిస్టులు పట్టుకుని ఉత్తరం వైపే మెడ తిప్పుకుంటున్నాం. నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది: దక్షిణం కనిపించే ఇల్లున్న ప్రతి బెంగళూరు వాళ్ళూ ఒక్కసారైనా వేలా తీయాలి.

యలహంక_మేడ | జనవరి 11, రాత్రి 8:15

మేడమ్, మీ పోస్ట్‌తో నా ప్రశ్నకి సగం జవాబు దొరికింది. సిమీజ్ ఇక్కడి నుంచే. ఊరికి విచ్ హెడ్. మీ బాల్కనీ నుంచి ధ్రువ నక్షత్రం కనిపించదు కదా, పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ ఇరుసుని ధ్రువం వైపు సరిగ్గా గురిపెట్టడం) ఎలా చేస్తారు?

దక్షిణ_బాల్కనీ | జనవరి 11, రాత్రి 9:40

నీనా సాఫ్ట్‌వేర్‌లో మూడు పాయింట్ల పద్ధతి ఉంది. ఆకాశంలో ఎటు వైపైనా మూడు ఫోటోలు తీసి, ప్లేట్ సాల్వ్ చేసి (నక్షత్రాల అమరికని బట్టి కెమెరా ఎటు చూస్తోందో పోల్చుకుని), మౌంట్ ఎంత తప్పుగా ఉందో చెబుతుంది. దాన్ని చూస్తూ బోల్టులు తిప్పడమే. పాతకాలపు డ్రిఫ్ట్ పద్ధతి కూడా పనిచేస్తుంది కానీ గంట పడుతుంది. మీకు ఆ ఇబ్బంది లేదు, మీ ఉత్తరం ఖాళీ. ధ్రువ నక్షత్రం 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పిట్టగోడ, వాటర్ ట్యాంక్ అడ్డం రాకుండా ట్రైపాడ్ చోటు పగలే చూసి చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. కౌంటర్‌వెయిట్ రాడ్ ట్రైపాడ్ కాలికి తగలకుండా కూడా చూసుకోండి. మన అక్షాంశంలో మౌంట్ దాదాపు పడుకున్నట్టు ఉంటుంది, అందుకే ఈ సమస్య.

యలహంక_మేడ | జనవరి 12, రాత్రి 1:50

ఈ రాత్రి మొదటి ప్రయత్నం. ఎఫ్/2, ఐఎస్‌ఓ 800, 120 సెకండ్లు. పేర్చి చూస్తే నెబ్యులా తీగలు లీలగా ఉన్నాయి! కళ్ళు నమ్మలేకపోయాను. కానీ ఫోటో నిండా ఒకే దిక్కుగా వాన కురిసినట్టు ఏటవాలు గీతలు. డార్క్ ఫ్రేములు (లెన్స్ మూత పెట్టి తీసే నల్ల ఫోటోలు) కూడా వాడాను, అయినా పోలేదు. ఎందుకిలా?

జిగని_ఫోటాన్ | జనవరి 12, ఉదయం 10:25

దాన్ని వాకింగ్ నాయిస్ అంటారు. మసక నెబ్యులాలకి ఇదే ప్రధాన శత్రువు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సెన్సర్ మీద కొన్ని పిక్సెల్స్ ఎప్పుడూ కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తాయి. గైడింగ్ లేని ట్రాకర్ రాత్రంతా నెమ్మదిగా ఒకే వైపు జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి సర్దినప్పుడు ఆ పిక్సెల్ మచ్చలు గీతలుగా సాగుతాయి. ఒరాయన్ లాంటి వెలుగున్న వాటిలో ఇది కనిపించదు. సిమీజ్ తీగలు ఆ గీతల కంటే మసకవి, అందుకే మీకిప్పుడు బయటపడింది. సెన్సర్ చల్లబరచని కెమెరాలో డార్క్ ఫ్రేములు కొంతవరకే సాయం చేస్తాయి. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా సెన్సర్‌లో పుట్టే సిగ్నల్) రెట్టింపవుతుంది, రాత్రి ఎనిమిదికీ రెండింటికీ మీ సెన్సర్ వేడి ఒకటి కాదు.

మందు డిథరింగ్. కొన్ని ఫోటోలకోసారి ఫ్రేమును ఇటో అటో కొద్దిగా జరపాలి. మీకు గైడింగ్ లేదు కాబట్టి చేత్తోనే: పావుగంటకోసారి ట్రాకర్ బటన్‌తో ఒక దిక్కు, డిక్లినేషన్ స్క్రూతో ఇంకో దిక్కు కొంచెం కదపండి. ఒకసారి ఎడమకి, ఒకసారి పైకి, ఏ వరసా ఉండకూడదు. 700డీ పిక్సెల్ 4.3 మైక్రాన్లు, 135 ఎంఎంతో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఆరున్నర ఆర్క్ సెకండ్లు. పది పదిహేను పిక్సెల్స్ కదిలితే చాలు. పేర్చేటప్పుడు సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫోటోలతో పొంతన లేని పిక్సెల్స్‌ని వదిలేసే పద్ధతి) పెడితే మచ్చలూ, శాటిలైట్ గీతలూ రెండూ పోతాయి.

రెండోది, ఎఫ్/2 వద్దు. ఈ ఫిల్టర్లు వెలుగు నిటారుగా పడుతుందని లెక్కేసి తయారుచేస్తారు. ఎఫ్/2లో అంచుల నుంచి వచ్చే కిరణాలు 14 డిగ్రీల ఏటవాలుగా పడతాయి. అలా పడినప్పుడు ఫిల్టర్ కిటికీ, అంటే అది రానిచ్చే రంగుల పరిధి, నీలం వైపు నాలుగైదు నానోమీటర్లు జరుగుతుంది. మీది 12 కాబట్టి తట్టుకుంటుంది, కానీ అంచు దాకా వెళ్తుంది. మూడు నానోమీటర్ల ఫిల్టర్ అయితే హైడ్రోజన్ గీత అంచు కిరణాల్లో బయటే ఉండిపోయేది. ఎఫ్/2.8కి తగ్గించండి, నక్షత్రాలు కూడా మూలల్లో గుండ్రంగా వస్తాయి. ఒక్కోటి 180 సెకండ్లు.

ఫ్లాట్స్ (మూలల చీకటిని సరిచేయడానికి తీసే తెల్లటి ఫోటోలు) మర్చిపోవద్దు. ఫోకస్ కదపకుండా, లెన్స్ మీద తెల్ల బట్ట బిగువుగా కట్టి, ట్యాబ్ స్క్రీన్ తెల్లగా పెట్టి తీయండి. ఇంత మసక దాన్ని సాగదీసినప్పుడు, అంటే వెలుగు పెంచి చూపినప్పుడు, మూలల చీకటి ముందు బయటికొస్తుంది.

పాత_ప్లేట్లు | జనవరి 12, సాయంత్రం 6:40

నేను రిటైరై జయనగర్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ చర్చ రోజూ చదువుతున్నాను. ఫోటోలు తీయను గానీ ఈ రంగం చరిత్ర అంటే ప్రాణం. రెండు మాటలు రాయాలనిపించింది.

సిమీజ్ 147ని 1952లో క్రిమియాలో కనిపెట్టారు. అప్పటిదాకా ఎవరి కంటికీ ఆనలేదు. కనిపెట్టింది కన్ను కాదు, ఫోటో. హార్స్‌హెడ్ నెబ్యులా కూడా అంతే, 1888లో హార్వర్డ్‌లో తీసిన గాజు ప్లేటు మీద విలియమినా ఫ్లెమింగ్ గారు గుర్తించారు. మసక నెబ్యులాల చరిత్ర మొత్తం ఓపిగ్గా ఎక్స్‌పోజర్ ఇచ్చినవాళ్ళ చరిత్ర.

మన హైదరాబాదుకీ ఇందులో భాగముంది. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ దేశాలు పంచుకున్న ఆకాశ పటం పనిలో దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫోటో తీసే బాధ్యత తీసుకుంది. ప్లేటు మీద ప్లేటు, ఏళ్ళ తరబడి. ఆ అబ్జర్వేటరీ ఉద్యోగి ఇంట్లో పెరిగినవారే వేణు బప్పు గారు. తర్వాత ఆయనే తమిళనాడులో జవ్వాది కొండల్లో కావలూరుని ఎంచుకున్నారు. ఎంచుకోవడానికి సిటీ వెలుగులకు దూరంగా ఉండటం ఒక కారణమైతే, 12.5 డిగ్రీల అక్షాంశం నుంచి దక్షిణాకాశం బాగా అందడం ఇంకో కారణం. బాల్కనీ అమ్మాయి చెప్పిన మాట పెద్దవాళ్ళు ఎప్పుడో పాటించారు.

ఇదంతా అయిపోయిన కథ అనుకోకండి. 2022లో ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనే ఆక్సిజన్ వెలుగులో పెద్ద చాపం ఒకటి ఉందని కనిపెట్టింది అమెచ్యూర్లే. లక్షలసార్లు ఫోటో తీసిన చోటు. ఆ గీతలో అన్ని గంటలు ఎవరూ చూడలేదు, అంతే. మీరు మేడ మీద పోగేసే గంటలకి విలువ ఉంది బాబూ.

యలహంక_మేడ | జనవరి 19, ఉదయం 11:05

పెద్దాయన గారికి నమస్కారం. మీ పోస్ట్ ఊళ్ళో మా నాన్నకి చదివి వినిపించాను.

ఊరి సంగతి. పొలం దగ్గర బోరు షెడ్డు పక్కన పెట్టుకున్నా. రాయలసీమ గారన్నది వంద శాతం నిజం, అక్కడి చీకటి వేరే లోకం. ఫిల్టర్ తీసేసి విచ్ హెడ్ మీద పెట్టాను. ఒక్క రెండు నిమిషాల ఫోటోలోనే రైజెల్ పక్కన నీలి పొగ కెమెరా వెనక స్క్రీన్ మీద కనిపించింది. యలహంకలో దీని ఆనవాలు కూడా దొరకదు. మంచు మాత్రం విపరీతం, ఒంటిగంటకల్లా లెన్స్ మసకబారింది.

రాయలసీమ_రాత్రులు | జనవరి 19, మధ్యాహ్నం 12:20

నీలి పొగ చూశారు కదా, ఇక మీరు మా జట్టే. మంచుకి యూఎస్‌బీ హీటర్ పట్టీ దొరుకుతుంది, లెన్స్ ముందు భాగానికి చుట్టి పవర్ బ్యాంక్‌కి తగిలించండి. మొదటి నుంచే ఆన్‌లో ఉంచాలి, మసకబారాక పెడితే ఆలస్యం. లుబ్ధకం చెప్పిన విభజన నాకూ నచ్చింది. ఇకపై అమావాస్యలకి ధూళి మేఘాలే తీస్తా, హైడ్రోజన్‌వి ఇంటి దగ్గరే చూసుకుంటా.

జిగని_ఫోటాన్ | జనవరి 27, రాత్రి 10:10

యలహంక గారూ, గంటలు ఎంతవరకు వచ్చాయి? నాణ్యత గంటల వర్గమూలం ప్రకారం పెరుగుతుందని గుర్తుంచుకోండి. నాలుగు గంటల ఫోటో కంటే రెట్టింపు మెరుగు కావాలంటే ఎనిమిది సరిపోవు, పదహారు కావాలి. అందుకే టార్గెట్ మార్చకుండా ఒక్కదాని మీదే ఉండండి. హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ ఉంది కాబట్టి సగం చంద్రుడు ఉన్న రాత్రులు కూడా వదలొద్దు, చంద్రుడికి దూరంగా ఉంటే చాలు.

యలహంక_మేడ | జనవరి 27, రాత్రి 11:30

పది గంటలు దాటింది. చేత్తో డిథరింగ్ మొదలుపెట్టాక గీతలు పూర్తిగా పోయాయి, మీకు చాలా థాంక్స్. ప్రాసెసింగ్‌లో ఒక అనుమానం. ఏఐ డీనాయిస్ (నాయిస్ తగ్గించే టూల్) వాడితే తీగలు అద్భుతంగా, పదునుగా వస్తున్నాయి. కానీ కొన్ని చోట్ల ముందు లేని సన్నటి తీగలు కూడా కనిపిస్తున్నాయి. అవి నిజమేనా అని టెన్షన్‌గా ఉంది.

లుబ్ధకం | జనవరి 28, ఉదయం 8:15

అనుమానం వచ్చిందంటే ఆపేయండి. మసక నెబ్యులాలో నాయిస్ గుంపును ఆ టూల్స్ తీగ అనుకుని గీసేయగలవు. పరీక్ష సులువు: మీ ఫోటోలను రెండు సగాలుగా విడగొట్టి విడివిడిగా పేర్చండి. రెండిట్లోనూ అదే చోట ఉన్న తీగ నిజం. ఒక్కదాంట్లోనే ఉంటే నాయిస్. ఇది చేయకుండా డీనాయిస్ చేసిన ఫోటోని నేను నమ్మను.

జిగని_ఫోటాన్ | జనవరి 28, ఉదయం 9:30

లుబ్ధకంతో పూర్తిగా ఏకీభవిస్తాను, కాకపోతే టూల్స్ మొత్తం వద్దనను. గ్రాక్స్‌పర్ట్‌తో నేపథ్యం వాలు తీసేయడం మన సిటీ ఫోటోలకి తప్పనిసరి, సిటీ వెలుగు ఒక మూల నుంచి ఎక్కి వస్తుంది కాబట్టి. స్టార్‌నెట్‌తో నక్షత్రాలు వేరుచేసి, నెబ్యులాని మాత్రమే నెమ్మదిగా సాగదీసి, మళ్ళీ నక్షత్రాలు కలపండి. సిమీజ్ మొత్తం నక్షత్రాల గుంపు వెనక ఉంటుంది, ఈ పని చేయకపోతే తీగల కంటే చుక్కలే ముందు కనిపిస్తాయి. డీనాయిస్ చివర్లో, బలం సగం కంటే తక్కువ పెట్టి.

యలహంక_మేడ | ఫిబ్రవరి 19, రాత్రి 9:25

ఫోటో పైన జత చేశాను. అంతా యలహంక మేడ మీద నుంచే, 135 ఎంఎం ఎఫ్/2.8, 180 సెకండ్ల ఫోటోలు, మొత్తం ఇరవై గంటల పైచిలుకు. లుబ్ధకం గారు చెప్పిన సగాల పరీక్ష చేశాను. ఎడమ వైపు అంచున రెండు సన్నటి తీగలు ఒక సగంలో లేవు, వాటిని పైకి తేకుండా వదిలేశాను. మిగతావన్నీ రెండిట్లోనూ ఉన్నాయి.

40 వేల ఏళ్ళ కిందట పేలిన నక్షత్రం మిగిల్చిన తీగలు. మూడు వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చి, ఎయిర్‌పోర్ట్ రోడ్డు దీపాలన్నీ దాటుకుని మా మేడ మీదికి దిగాయి. మొదటిసారి పూర్తి ఆకారం స్క్రీన్ మీద తేలినప్పుడు ఇంట్లో అందర్నీ నిద్రలేపాను.

దక్షిణ_బాల్కనీ | ఫిబ్రవరి 19, రాత్రి 10:00

అబ్బ, ఎంత బాగా వచ్చిందండీ! కుడి పక్క తీగలు ఒకదాని మీంచి ఒకటి అల్లుకున్న చోటు చూస్తూ ఉండిపోయాను. పైకి తేకుండా వదిలేసిన ఆ రెండు తీగల కోసం వచ్చే సీజన్‌లో ఇంకొన్ని గంటలు కలపండి, తేలిపోతుంది.

పాత_ప్లేట్లు | ఫిబ్రవరి 20, ఉదయం 6:15

చాలా సంతోషం బాబూ. ముడి ఫోటోలు చెరిపేయకు. తేదీ, సమయం, ఫిల్టర్ రాసి భద్రంగా దాచు. పాత ప్లేట్లు వందేళ్ళ తర్వాత కూడా పనికొస్తున్నాయంటే ఆ వివరాలు రాసి పెట్టబట్టే.

యలహంక_మేడ | ఫిబ్రవరి 20, ఉదయం 9:40

తప్పకుండా సార్, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాను.

బాల్కనీ మేడమ్, ఇప్పుడు వేలా మీద మనసు పడింది. కానీ మా దక్షిణమంతా సిటీ వెలుగే కదా. ఇక్కడి నుంచి ప్రయత్నించాలా, మా ఊరికి వెళ్ళాలా?

దక్షిణ_బాల్కనీ | ఫిబ్రవరి 20, ఉదయం 10:30

మీ ఊరికి వెళ్ళండి. 32 డిగ్రీల ఎత్తులో గాలి పొర నడినెత్తి కంటే దాదాపు రెట్టింపు, దానికి తోడు సిటీ అంతా మీకు అడ్డం. ఉగాదికి వెళ్ళండి. చైత్ర శుద్ధ పాడ్యమి కాబట్టి ఏ ఏడాదైనా ఉగాది రాత్రి చంద్రుడి బెడద ఉండదు. ఆ రోజుల్లో వేలా రాత్రి తొమ్మిదికల్లా అన్నిటికంటే ఎత్తుకి వస్తుంది, భోజనం చేసి వెళ్తే సరిపోతుంది. మీ 135 ఎంఎం ఫ్రేము 9 డిగ్రీలు బై 6, మొత్తం పట్టదు. తూర్పు సగం పెట్టండి, పెన్సిల్ నెబ్యులా కూడా అందులోకి వస్తుంది. 1835లో జాన్ హెర్షెల్ చూసింది అదే.

రాయలసీమ_రాత్రులు | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:05

మాది పుంగనూరు, మీ ఊరికి దగ్గరే. గైడింగ్ ఉన్న మౌంట్ నేను తెస్తాను, మీ లెన్స్ దాని మీద పెడదాం. పదినిమిషాల ఫోటోలు తీయొచ్చు, మీ ఫిల్టర్‌తో. దక్షిణం వైపు చెట్లు, కొండలు అడ్డం లేని చోటు మీ పొలంలో ఉందా?

యలహంక_మేడ | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:20

ఉందన్నా. చెరువు కట్ట మీద నిలబడితే దక్షిణం అడ్డు లేకుండా కనిపిస్తుంది, కారు కట్ట కింది దాకా వస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ తెచ్చుకోవాలి. లొకేషన్ ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను.